పాత తోలుకు సరైన రంగు, పై పూత ఎంచుకోవడం: మొదటి పరీక్ష నుంచి చివరి పొర దాకా

"సోఫాకు నల్ల రంగు వేశాం, నెల తిరక్కుండానే బట్టలకు అంటుతోంది." "బ్యాగు మీద వేసిన పూత మడత దగ్గర పెచ్చులూడుతోంది." "బూట్లకు డై పట్టించాం, ఒకచోట ముదురు, ఒకచోట లేత." తోలు వస్తువుల్ని సొంతంగా బాగుచేసుకునేవాళ్లు మళ్లీ మళ్లీ చెప్పే ఫిర్యాదులివి. రంగు నాసిరకమని చాలామంది అనుకుంటారు. ఎక్కువసార్లు తప్పు రంగుది కాదు, జోడీది. ఆ తోలుకు ఆ రకం రంగు పట్టదు, లేదా ఆ రంగు మీద ఆ పూత నిలవదు.

అందుకే ఇక్కడ షేడ్ సంగతి చివర్లో వస్తుంది. మొదట తేల్చుకోవాల్సింది తోలు మీద ఇప్పటికే ఏముందన్నది.

## 1. తోలు ఏ రకమో తేల్చుకోండి

ఈ పరీక్షలన్నీ బయటికి కనపడని చోట చేయాలి. సోఫా అయితే మెత్త అడుగున, బ్యాగు అయితే పట్టీ లోపలి వైపు, బూటు అయితే నాలుక కింద. ముందు ఆ చోటును తడిబట్టతో తుడిచి ఆరనివ్వండి. మురికి మీద చేసిన పరీక్ష మురికి సంగతి చెబుతుంది గానీ తోలు సంగతి చెప్పదు.

నీటి చుక్క. ఒక్క చుక్క వేసి నిమిషం పాటు చూడండి.

- కొన్ని సెకన్లలోనే ఇంకి, ఆ చోటు నల్లబడితే తోలు రంధ్రాలు తెరిచి ఉన్నాయి. అది అనిలిన్ తోలు (పైన పొర లేకుండా రంగు లోపలికి ఇంకించినది), పూత లేని చెట్టుబెరడు పదునుతోలు (చెట్టు బెరడు రసంతో పదునుపెట్టినది), లేదా నుబక్ (పై ముఖం రుద్ది నూగు తెప్పించిన తోలు).
- నిమిషానికి గానీ ఇంకకపోతే సెమీ అనిలిన్ (పైన పల్చటి రంగు పొర ఉన్నది), లేదా పూత అరిగిపోయిన తోలు.
- ముత్యంలా నిలబడిపోతే పిగ్మెంట్ పూత (పెయింటులాంటి రంగు పొర) ఉన్న తోలు, లేదా మైనం పట్టించిన తోలు.

చివరి రెంటినీ విడదీయడానికి గోటితో మెల్లగా గీయండి. మైనం, నూనె పట్టిన తోలు మీద లేత గీత పడుతుంది. వేలితో గట్టిగా రుద్దితే ఆ వేడికి గీత చాలావరకు కలిసిపోతుంది. పిగ్మెంట్ పూత ఉన్నదాని మీద ఇలా జరగదు.

ఆల్కహాల్ పరీక్ష. దూది పుల్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచి ఒకేచోట ఐదారుసార్లు రుద్దండి. దూదికి చిక్కటి పెయింటులాంటి రంగు వస్తే పైన పొర ఉంది, అది కరుగుతోంది. పల్చటి, పారదర్శకమైన మరక వస్తే అది డై, అంటే తోలులోకి ఇంకిన రంగు. ఏమీ రాకపోతే పైన గట్టిపడిన పాలీయురేథేన్ పొర ఉండి ఉండవచ్చు. దాన్ని ద్రావకంతో తీయలేరు, గరుకు కాగితంతోనే దారికి తేవాలి.

వెనకవైపు చూడండి. పీచుపీచుగా, స్వేడ్‌లా (నూగు ఉన్న తోలులా) ఉంటే అసలు తోలు. నేత బట్ట కనిపిస్తే రెగ్జిన్, లేదా తోలు పొడిని జిగురుతో అతికించి చేసిన బాండెడ్ లెదర్. బాండెడ్ లెదర్ పెచ్చులూడడం మొదలైతే దాని మీద రంగుకు, పూతకు డబ్బు పోయవద్దు. ఊడుతున్నది రంగు కాదు, కింది పదార్థమే. ఈరోజు ఎంత బాగా వేసినా ఆ పక్కనే మళ్లీ లేస్తుంది.

## 2. డై వేరు, పిగ్మెంట్ వేరు

బట్టకు అద్దిన రంగు నూలులోకి ఇంకుతుంది. గోడకు వేసిన రంగు గోడ మీద నిలుస్తుంది. డైకి, పిగ్మెంట్‌కి ఉన్న తేడా సరిగ్గా అదే.

డై పారదర్శకం. తోలు పీచులోకి దిగి, కిందున్న సహజమైన గుర్తులను కనిపించనిస్తుంది. కాబట్టి మచ్చలను కప్పలేదు. ముదురు తోలును లేతగా మార్చడం డైతో సాధ్యం కాదు. ఎరుపు మీద పసుపు డై వేస్తే పసుపు రాదు, నారింజ వైపు జరుగుతుంది. ఇంకడానికి దారి లేని తోలు మీద డై వేస్తే పైపైనే ఎండి, ఆ తర్వాత చొక్కాలకూ చేతులకూ అంటుతుంది. మొదట చెప్పిన నల్ల సోఫా ఫిర్యాదుకు చాలా ఇళ్లలో కారణం ఇదే.

పిగ్మెంట్ రంగులో సన్నటి రంగు పొడి, దాన్ని పట్టి ఉంచే అక్రిలిక్ లేదా పాలీయురేథేన్ బైండరు ఉంటాయి. అది తోలు మీద పొరగా ఏర్పడుతుంది. మచ్చల్ని కప్పుతుంది, ముదురును లేతగా మార్చగలదు. అయితే రంధ్రాలు మూసుకుపోతాయి, చేతికి తగిలే మెత్తదనం కొంత తగ్గుతుంది. ఖరీదైన అనిలిన్ తోలు మీద దట్టంగా పిగ్మెంట్ వేస్తే ఆ తోలుకు ఉన్న అందమంతా పోతుంది. పైగా వెనక్కి తీసుకురావడం దాదాపు అసాధ్యం.

డైలలో మూడు రకాలు దొరుకుతాయి.

- ఆల్కహాల్ డై: వేగంగా, లోతుగా ఇంకుతుంది. తోలును కాస్త ఎండబెడుతుంది. త్వరగా ఆరుతుంది కాబట్టి కొత్త చేతికి చారలు పడే ప్రమాదం ఎక్కువ.
- నూనె కలిసిన డై: నెమ్మదిగా పరుచుకుంటుంది, సమంగా వస్తుంది. చెట్టుబెరడుతో పదునుపెట్టిన బెల్టులు, జీనులు, బ్యాగులకు మొదటిసారి చేసేవాళ్లు దీన్నే తీసుకోవడం మంచిది.
- నీటి డై: వాసన తక్కువ, రంగు తేటగా ఉంటుంది. తోలును గట్టిపరచవచ్చు, పైన పూత లేకపోతే తడికి వదులుతుంది.

## 3. ఏ తోలుకు ఏది

పిగ్మెంట్ పూత ఉన్న తోలు (చాలా సోఫాలు, కారు సీట్లు): నీటి ఆధారిత పిగ్మెంట్ రంగు, పైన నీటి ఆధారిత పాలీయురేథేన్ పూత. ఇక్కడ డైకి చోటు లేదు.

అనిలిన్: మొత్తంగా వెలిసిపోతే అదే షేడ్ పల్చని డై. మరకలు, నూనె జిడ్డు ఉంటే డై వాటిని దాచదు. అప్పుడు పిగ్మెంట్‌ను బాగా పల్చన చేసి, కొద్దిగా డై కలిపి, మంచులా స్ప్రే చేసే దారి ఒకటుంది. అంటే ఆ తోలును సెమీ అనిలిన్‌గా మారుస్తున్నారన్నమాట. తెలిసి చేయండి.

మైనం, నూనె తోలు: రంగు ముట్టుకోకముందు ఆ తోలుకు తగిన నూనె, మైనం క్రీము పట్టించి చూడండి. వెలిసినట్టు కనిపించేది చాలాసార్లు ఎండిపోవడమే. పిగ్మెంట్ ఈ జిడ్డు మీద నిలవదు.

స్వేడ్, నుబక్: వాటికోసమే తయారైన పల్చని డై, ఆపైన రంగు లేని నీటి నిరోధక స్ప్రే. పొరగా మారే ఏ పూతా వేయకూడదు. నూగు అంటుకుపోయి బోడిగా తయారవుతుంది.

పేటెంట్ లెదర్: అద్దంలాంటి పొర పగిలితే ఇంట్లో సరిచేసే పద్ధతి లేదు. శుభ్రం చేసి వదిలేయడమే.

పొడిరాలుతున్న పాత చెట్టుబెరడు తోలు (పాత పుస్తకాల అట్టల మీద ఎర్రటి పొడి రాలడం చూసే ఉంటారు): దీనికి నూనె, డై రెండూ హానే. ముందు హైడ్రాక్సీప్రొపైల్ సెల్యులోజ్‌ను ఆల్కహాల్‌లో కరిగించి పల్చగా పట్టించి పొడిని బిగించాలి. విలువైన పుస్తకమైతే సంరక్షణ నిపుణుల చేతికివ్వండి.

## 4. పని మొదలుపెట్టే ముందు సర్దుకోవాల్సినవి

- తోలు క్లీనర్, మెత్తటి బ్రష్షు
- ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నూలు వదలని తెల్ల బట్టలు
- 400, 600, 1000 నంబరు గరుకు కాగితాలు
- సాగే గుణమున్న లెదర్ ఫిల్లరు, చిన్న ప్లాస్టిక్ పట్టీ
- ఎంచుకున్న రంగు, దానికే చెందిన పల్చన చేసే ద్రావకం
- పై పూత, అవసరమైతే గట్టిపరిచే క్రాస్‌లింకరు
- సన్నటి రంధ్రాల స్పాంజులు, హెయిర్ డ్రైయర్
- 0.1 గ్రాము చూపే చిన్న త్రాసు, డ్రాపర్లు
- నైట్రైల్ తొడుగులు, దుమ్ము మాస్కు. స్ప్రే చేస్తే ఆవిర్లను ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు

రంగు, పల్చన చేసే ద్రావకం, పై పూత ఒకే తయారీదారువి తీసుకోవడం మంచిది. వేర్వేరు చోట్ల కొన్నవైతే చిన్న ముక్క మీద కలిపి చూసి తీరాలి.

ఎంత రంగు కావాలో డబ్బా మీది లెక్కను నమ్మకండి. 30 సెంటీమీటర్ల చదరం మీద అన్ని పొరలూ వేసి, డబ్బా బరువు ముందూ వెనకా తూచండి. చదరపు మీటరుకు అలాంటివి సుమారు 11. బరువులో తేడాను 11తో, మీ వస్తువు వైశాల్యంతో (చదరపు మీటర్లలో) హెచ్చవేసి, దాని మీద నాలుగో వంతు అదనంగా కలుపుకోండి.

## 5. శుభ్రం చేయడం, పాత పొర తీయడం

పని ఫలితంలో సగానికి పైగా ఇక్కడే తేలిపోతుంది. విసుగొచ్చే పనే, కానీ దీన్ని కుదిస్తే పైన చేసిందంతా ఊడుతుంది.

1. క్లీనరును నురగ చేసి, మెత్తని బ్రష్షుతో చిన్న చిన్న భాగాలుగా రుద్ది, మురికి నురగను వెంటనే తుడవండి. బట్ట తెల్లగా వచ్చేదాకా మళ్లీ చేయండి. తోలుకు ఆమ్ల స్వభావం ఉంటుంది. బట్టల సబ్బు, వంటసోడా, అమ్మోనియా లాంటి క్షారాలు దాన్ని పాడుచేస్తాయి.

2. పూర్తిగా ఆరాక, పిగ్మెంట్ తోలయితే ఆల్కహాల్ తడిపిన బట్టతో ఒకే దిశలో తుడుస్తూ పోండి. మెరుపు తగ్గి, చేతికి కాస్త పట్టు తగలాలి. జిడ్డు, పాత పాలిష్, సిలికోన్ పోవడమే లక్ష్యం. మొత్తం రంగు ఊడబీకాల్సిన పనిలేదు. అసిటోన్ ఇంకా బలమైనది. మొండి పొర ఉన్నచోట మాత్రమే, కొద్దిగా వాడండి. కిటికీలు తెరవండి, దగ్గర్లో మంట ఉండకూడదు.

3. పగుళ్ల అంచులు, పెచ్చులు ఉన్నచోట 400తో మొదలుపెట్టి 600తో నునుపు చేయండి. మిగతా చోట 1000తో పైపైన తాకిస్తే చాలు. దుమ్ము పీల్చకుండా మాస్కు పెట్టుకుని, కాగితాన్ని కాస్త తడిపి రుద్దండి.

4. పగుళ్లలో ఫిల్లరు వేయండి. లోతైన పగులును ఒకేసారి పూడ్చకూడదు. కాగితమంత పల్చని పొర వేసి, ఆరనిచ్చి, మళ్లీ వేయాలి. దట్టంగా వేస్తే పైన ఎండి లోపల పచ్చిగా ఉండి, కూర్చోగానే చీలుతుంది. చివరగా 600తో సమం చేయండి.

5. మళ్లీ ఒకసారి ఆల్కహాల్‌తో తుడవండి. ఇక ఒట్టి చేత్తో తోలును ముట్టుకోవద్దు.

చెట్టుబెరడు తోలుకు డై వేయబోతుంటే ఈ క్రమంలో చిన్న మార్పు. రంగుకు ఒకరోజు ముందు నీట్స్‌ఫుట్ నూనె (పశువుల కాలి ఎముకల నుంచి తీసేది) చాలా పల్చగా పట్టించండి. ఎండిన చోట్లు డైని ఒక్కసారిగా తాగేయకుండా సమంగా పడుతుంది. పిగ్మెంట్ వేయబోయే తోలుకు మాత్రం నూనె, కండిషనరు తగలనివ్వకూడదు.

## 6. షేడ్ కుదర్చడం

తడిగా ఉన్న రంగును చూసి నిర్ణయించకండి. నీటి పిగ్మెంట్‌లో బైండరు తెల్లగా, పాలలా ఉంటుంది. కాబట్టి తడిలో లేతగా కనిపించి, ఆరాక ముదురుతుంది. డై దీనికి తలకిందులు. తడిలో ముదురుగా కనిపించి ఆరాక తేలుతుంది, పై పూత పడ్డాక మళ్లీ కొంత ముదురుతుంది. ప్రతి నమూనాను ఆరబెట్టి, పై పూత కూడా వేసి అప్పుడే చూడాలి.

1. తోలు మీద శుభ్రమైన, వెలవని చోటు వెతకండి. మీ గురి అదే.
2. దగ్గరి మూల రంగును 20 గ్రాములు తీసుకోండి. లేతదాంట్లోకి ముదురును చుక్క చుక్కగా కలపండి. ముదురుదాంట్లోకి లేత పోస్తూ పోతే గిన్నె నిండుతుంది, షేడ్ కుదరదు.
3. రంగు మరీ కాంతివంతంగా ఉంటే నలుపుతో అణచకండి. నలుపు రంగును మసక చేస్తుంది, చాలా బలమైనది కూడా. ఎరుపును అణచడానికి కొద్దిగా ఆకుపచ్చ, నారింజకు కొద్దిగా నీలం, గోధుమ రంగులకు ముదురు గోధుమ వాడండి.
4. ప్రతి చుక్కనూ రాసి పెట్టుకోండి. "20 గ్రాముల గోధుమ, 6 చుక్కల ముదురు గోధుమ, 2 చుక్కల ఎరుపు" అని కాగితం మీద ఉంటేనే రెండోసారి కలపగలరు.
5. వేలితో తోలు మీద చిన్న చుక్క పెట్టి, హెయిర్ డ్రైయర్‌తో ఆరబెట్టి, పగటి వెలుగులోనూ బల్బు కిందా చూడండి. రెండుచోట్లా కలిస్తేనే కుదిరినట్టు. కుదరకపోతే తడిబట్టతో వెంటనే తుడిచేయవచ్చు.

కుర్చీ మొత్తానికి కావలసిన రంగు ఒకే విడతలో కలపండి. సగంలో అయిపోయి మళ్లీ కలిపితే, ఎంత జాగ్రత్తగా చేసినా ఆ గీత కనపడుతుంది. ఒక మెత్త మధ్యలో ఆపాల్సి వస్తే కుట్టు దగ్గర ఆపండి.

## 7. డై వేసే క్రమం

1. మొదటి పూతకు డైని అదే తయారీదారు ద్రావకంతో సగానికి సగం పల్చన చేయండి. చారలు రాకుండా ఉండాలంటే ఇంతకన్నా మంచి ఉపాయం లేదు.
2. ఉన్ని ముద్ద లేదా నూలు బట్టను ముంచి, అంచున నొక్కి పిండి, సున్నాలు చుడుతున్నట్టు వేగంగా పరచండి. ఒక అంచు ఎండకముందే పక్క భాగం కలవాలి.
3. అది ఆరాక రెండో పూత మొదటిదానికి అడ్డంగా, మూడోది ఐమూలగా. రంగు చాలనిపించేవరకు మాత్రమే.
4. కోసిన అంచులు, కుట్టు రంధ్రాలు మరవకండి.
5. 24 గంటలు ఆరనివ్వండి.
6. పొడి తెల్లబట్టతో గట్టిగా రుద్దండి. బట్టకు రంగు రావడం ఆగేదాకా ఆపొద్దు. నలుపు, ముదురు నీలం డైలు పైన రాగి మెరుపులాంటి పొడి వదులుతాయి. దాని మీదే పూత వేస్తే ఆ పొడి పూతతో కలిసి అంటుతూనే ఉంటుంది.
7. తోలు ఎండినట్టు అనిపిస్తే పల్చగా నూనె, మరో 24 గంటల విరామం. ఆ తర్వాతే పై పూత.

## 8. పిగ్మెంట్ వేసే క్రమం

మొదటి పొర స్పాంజితో, మిగతావి వీలైతే స్ప్రేతో. మొదటిది స్పాంజితోనే ఎందుకంటే రంగు పగుళ్లలోకి, ముడతల్లోకి దిగాలి. స్ప్రే పైనే పడుతుంది.

1. రంగును అడుగునుంచి కలపండి, కుదపొద్దు. కుదిపితే నురగ వస్తుంది, ఆ బుడగలు తోలు మీద గుంటలవుతాయి.
2. స్పాంజిని తడిపి పిండి, కొద్ది రంగు అద్దుకుని లోపలికి రుద్దండి. ఈ పొర మరకలు మరకలుగానే కనిపిస్తుంది. కంగారుపడి దట్టంగా వేయకండి.
3. హెయిర్ డ్రైయర్‌ను 25 సెంటీమీటర్ల దూరంలో కదిలిస్తూ ఆరబెట్టండి. వేలి వెనకవైపు తాకిస్తే చల్లగా తగలకూడదు. చల్లదనం ఉంటే నీరు ఇంకా ఉన్నట్టే.
4. 1000 నంబరు కాగితంతో గరుకుదనం తీసి, దుమ్ము తుడిచి, రెండో పొర.
5. స్పాంజితో అయితే మొత్తం నాలుగు నుంచి ఆరు పల్చని పొరలు పట్టవచ్చు. ప్రతిసారీ దిశ మార్చండి.
6. స్ప్రే అయితే సన్నని నాజిల్‌తో, తోలుకు 20 సెంటీమీటర్ల దూరంలో, సగం సగం కలిసేలా వరసలు. గన్ కదలిక మొదలయ్యాకే మీట నొక్కండి, ఆగకముందే వదలండి.

మెత్తలు తీయగలిగితే తీసి, ముడతలను చేత్తో సాగదీసి పట్టుకుని వేయాలి. లేకపోతే కూర్చున్నప్పుడు ముడత తెరుచుకుని పాత రంగు గీతలా బయటపడుతుంది.

గది 15 డిగ్రీల కన్నా చల్లగా ఉన్నప్పుడు నీటి రంగులు వేయకపోవడమే మేలు. నీరు ఆరినా బైండరు రేణువులు సరిగా కలిసి పొర కట్టవు. పైకి బాగానే కనిపించి, తర్వాత పొడిపొడిగా రాలుతుంది.

## 9. పై పూతను వస్తువు చేసే పనిని బట్టి ఎంచుకోండి

రంగు కన్నా పూత దగ్గర ఎక్కువ ఆలోచించాలి. రాపిడి, చెమట, మడత, తడి అన్నీ పడేది పూత మీదే.

నీటి ఆధారిత పాలీయురేథేన్: రాపిడికి బాగా ఆగుతుంది. సోఫా, కారు సీటు, స్టీరింగ్‌కు ఇదే. క్రాస్‌లింకరు కలిపితే చెమటకు, క్లీనర్లకు మరింత తట్టుకుంటుంది. కలిపే పాలు డబ్బా మీద రాసినంతే, ఒక్క చుక్క ఎక్కువా వద్దు. ఎక్కువైతే పొర పెళుసవుతుంది. కలిపిన పూతను డబ్బా మీద చెప్పిన గంటల్లోపు వాడేయాలి, మిగిలింది దాచడానికి పనికిరాదు. క్రాస్‌లింకరు చర్మానికి, ఊపిరితిత్తులకు హాని చేసే రసాయనం కాబట్టి తొడుగులు, మాస్కు తప్పనిసరి.

అక్రిలిక్ పూత: బ్యాగులు, బెల్టులు, బూట్లకు. డై వేసిన తోలుకు బాగా కుదురుతుంది. సమానంగా నీళ్లు కలిపి రెండు మూడు పల్చని పొరలుగా వేస్తే మడతల దగ్గర పగలదు. నేరుగా దట్టంగా పూస్తే ప్లాస్టిక్ తొడిగినట్టు ఉంటుంది.

నైట్రోసెల్యులోజ్ లాకరు: తొందరగా ఆరుతుంది, మెరుపు బాగుంటుంది. కానీ కాలం గడిచేకొద్దీ పసుపు తిరుగుతుంది, పెళుసవుతుంది, గాలిలో తేమ ఎక్కువుంటే తెల్లగా మసకబారుతుంది. దాని ద్రావకం కింది ఆల్కహాల్ డైని కరిగించి లేపగలదు. ప్రత్యేకమైన కారణం లేకపోతే దీని జోలికి పోకండి.

మైనం, క్రీము: రోజూ చూసుకునే బూట్లకు, నూనె తోలుకు సహజంగా ఉంటాయి. రాపిడికి ఎక్కువ కాలం ఆగవు, తిరిగి తిరిగి పట్టించాలి. ముదురు డై వేసిన బెల్టుకు ఒక్క మైనమే సరిపోదు, లోపలి వైపు కూడా అక్రిలిక్ పూత వేయకపోతే ప్యాంటుకు అంటుతుంది.

క్రమం తప్పకూడనిది ఇది: డై, నూనె, విరామం, పూత, చివరగా మైనం. మైనం మీద పూత వేస్తే నిలవదు. పూత మీద మైనం మాత్రం నిశ్చింతగా వేయవచ్చు.

ఆల్కహాల్ డై మీద పూత పూసేటప్పుడు మొదటి పొర రుద్దకండి. స్ప్రే చేయండి, లేదా స్పాంజితో ఒక్కసారి తేలిగ్గా లాగి వదిలేయండి. అటూ ఇటూ రుద్దితే డై పైకి లేచి చారలు కడుతుంది.

మెరుపు ఎంత ఉండాలన్నదీ ఇక్కడే తేలాలి. మాట్ (మెరుపు లేనిది), శాటిన్ (ఓ మాదిరి మెరుపు), గ్లాసీ (బాగా మెరిసేది) మూడింటిలో పాత తోలుకు శాటిన్‌దే పైచేయి. గ్లాసీ వేస్తే ప్రతి ముడతా, ప్రతి ఫిల్లరు గుర్తూ కనపడుతుంది. స్టీరింగ్, డాష్‌బోర్డుకు మాట్ వేయాలి, లేకపోతే వెలుగు కళ్లలో పడుతుంది. మాట్ పూతలో మెరుపు తగ్గించే పొడి అడుక్కి దిగుతుంది. కలపకుండా వాడితే మొదటి సగం మెరుస్తూ, చివరి సగం తెల్లటి మచ్చలతో వస్తుంది. మాట్, గ్లాసీ కలిపి కావలసిన మెరుపు తెచ్చుకోవచ్చు, ఒకే రకానికి చెందినవైతే.

## 10. అప్పగించే ముందు పరీక్షలు

పొడి పరీక్షలు 24 గంటలు ఆరాక, తడివి వారం తర్వాత, కనపడని చోట:

- పొడి తెల్లబట్టతో 20 సార్లు, తడి బట్టతో 10 సార్లు రుద్దండి. రంగు రాకూడదు.
- పారదర్శక టేపు గట్టిగా అంటించి ఒక్క ఊపున లాగండి. పెచ్చులు రాకూడదు.
- తోలును రెండుగా మడిచి నొక్కి వదలండి. తెల్లటి గీత మిగలకూడదు.
- ఒక నీటి చుక్కను పది నిమిషాలు ఉంచి తుడవండి. మచ్చ మిగలకూడదు.

ఒక్కటి తప్పినా కింద కారణం వెతకండి. మరో పొర పూత వేసి దాచే ప్రయత్నం చేయకండి.

## 11. ఏం తప్పింది, ఎలా సరిచేయాలి

రంగు బట్టలకు అంటుతోంది. డై అయితే మిగిలిన పొడి రుద్ది తీయలేదు, లేదా పూత ఉన్న తోలుకు డై వేశారు. మొదటిదానికి పొడిబట్టతో రుద్ది మళ్లీ పూత వేయండి. రెండోదానికి మందు లేదు. ఆల్కహాల్‌తో డై అంతా తుడిచేసి పిగ్మెంట్‌తో మొదలుపెట్టాలి.

పొరలు పొరలుగా ఊడుతోంది. కింద జిడ్డు, సిలికోన్ లేదా మైనం ఉంది. ఊడుతున్న చోటునే కాదు, దాని చుట్టూ గట్టిగా పట్టుకున్న చోటుదాకా తీసేసి, ఆల్కహాల్‌తో తుడిచి, 600తో రుద్ది మళ్లీ వేయండి.

చేపకళ్లలాంటి గుండ్రటి గుంటలు. ఇది సిలికోన్ పనే. మెరుపు స్ప్రేలతో తుడిచిన సోఫాలు, కారు సీట్ల మీద ఎక్కువ. తడిగా ఉన్నప్పుడే తుడిచి, ద్రావకంతో రెండుసార్లు బట్ట మార్చి తుడవాలి. ఒకే బట్టతో తుడిస్తే సిలికోన్ ఒకచోటి నుంచి ఇంకోచోటికి పాకుతుంది.

జిగటగా ఉంది. పొరలు దట్టమయ్యాయి, లేదా కిందిది ఆరకముందే పైది పడింది. రెండు మూడు రోజులు గాలి ఆడే చోట వదిలేయండి. అప్పటికీ తగ్గకపోతే, పూత రాయకముందు నూనె ఎక్కువైందేమో చూడండి. అదే నిజమైతే తీసేయక తప్పదు.

మడత దగ్గర పగులుతోంది. పూత దట్టం, లేదా క్రాస్‌లింకరు ఎక్కువ, లేదా తోలే ఎండిపోయింది. ఆ చోటు రుద్ది పల్చబరిచి, పల్చని పొరలతో మళ్లీ కట్టండి.

డై మచ్చలుగా పడింది. సాధారణంగా శుభ్రం చేసిన తీరులో తేడా వల్ల. ఆ డై ద్రావకంతోనే మొత్తం తుడిస్తే రంగు కాస్త కదిలి సర్దుకుంటుంది. అప్పటికీ ఉంటే కొంచెం ముదురు షేడ్‌కు వెళ్లడమే దారి. లేతకు వెళ్లలేరు.

నారింజ తొక్కలా గరుకు. స్ప్రే దూరం ఎక్కువ, లేదా రంగు చిక్కన. 1000తో రుద్ది, కాస్త పల్చన చేసి, దగ్గరగా వేయండి.

## 12. ఆరడం, మొదటి వారం

తాకితే పొడిగా ఉండడం వేరు, గట్టిపడడం వేరు. నీటి పూతలు గంటలో ఆరినట్టు అనిపించినా, లోపల పూర్తిగా గట్టిపడడానికి సుమారు ఏడు రోజులు పడుతుంది.

- మొదటి 24 గంటలు: ఎవరూ కూర్చోకూడదు, వాడకూడదు.
- మొదటి వారం: తడిబట్ట, క్లీనరు వద్దు. మెత్తలు ఒకదానిమీద ఒకటి పేర్చకండి, అతుక్కుంటాయి. బ్యాగు అయితే లోపల కాగితం కూరి నిలబెట్టండి.
- ఎండలో పెట్టి తొందరపెట్టవద్దు. తోలు ముడుచుకుంటుంది.
- నూనె, ద్రావకం అంటిన బట్టలను ముద్దగా చుట్టి పడేయకండి. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరనివ్వండి. కొన్ని నూనెలు ముద్దలో వేడెక్కి వాటంతటవే మండుతాయి.

మిగిలిన రంగును గాలి చొరని చిన్న సీసాలో నిండుగా పోసి, చుక్కల లెక్క రాసిన కాగితాన్ని దానికే అంటించి, గడ్డకట్టని చోట ఉంచండి. ఆర్నెల్ల తర్వాత సీటు అంచున గీత పడితే, ఆ సీసాలోంచి అగ్గిపుల్ల మొనంత రంగు తీసి అద్దితే చాలు. ముందు ఆ గీత మీద ఆల్కహాల్ దూది ఒక్కసారి తిప్పడం మాత్రం మరవకండి.